రష్యా బ్యాలే కథను కొల్లేటి గట్టు మీద ఆడించాం

ఏలూరులో మా ఇంటికి ఈమధ్య ఫ్యాషన్ డిజైనింగ్ చదివే అమ్మాయిలు వస్తున్నారు. నాట్యానికి దుస్తులు కుట్టే పనిలోకి రావాలనుకుంటున్నామండీ, ముందు ఏం నేర్చుకోవాలి అని అడుగుతారు. ఫోను తీసి అందమైన బొమ్మలు చూపిస్తారు. ఆ బొమ్మల్లో మనుషులందరూ నిలబడే ఉంటారు. చెయ్యి నడుం మీద, మెడ కాస్త పక్కకి. నేను బొమ్మని మెచ్చుకుని, "మరి ఈవిడ ఎగిరితే ఏవవుతుందమ్మా?" అంటాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మన పని అక్కణ్ణించి మొదలవుతుంది.

నా పేరు జరీనా. మా పుట్టింటివాళ్ళు తివాచీలు నేసేవాళ్ళు. నేను కుట్టుమిషను పట్టుకున్నాను. పనిచేసే వయసంతా ఒకే నృత్యబృందంలో గడిపాను. దుస్తులు కుట్టడం, ఇస్త్రీ చేసి పెట్టెల్లో సర్దడం, ఊరూరా మోసుకెళ్ళడం, తెర వెనక తొడగడం, ఆట అయ్యాక చెమటతో తడిసినవాటిని తీగ మీద ఆరబెట్టడం. ఇప్పుడు మోకాళ్ళు పెడల్ తొక్కనివ్వడం లేదు కాబట్టి మానేశాను. సన్మానాల గురించి రాయను. కప్పిన శాలువాల్లో చాలావాటిని ఎప్పుడో రాజుల వేషాలకి చించేశాను.

నాకు ఈ పని నిజంగా నేర్పింది ఒకే ఒక్క ఆట. నూరేళ్ళ కిందటి ఒక రష్యన్ బ్యాలే బృందం చరిత్ర అది. దాన్ని మేం ఎలా ఆడామో రాస్తాను. మీకు పనికొచ్చేదేదైనా ఉంటే తీసుకోండి.

కొట్లో అరమండి

ముందు మా మాస్టారి గురించి చెప్పాలి. లింగేశ్వరరావు గారు. కూచిపూడి నాట్యం నేర్పేవారు. బృందం ఆయనదే. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ తెల్లపంచెలో ఉండేవారు. కోపం ఎంత తొందరగా వచ్చేదో అంత తొందరగానూ పోయేది.

నేను జాకెట్లు కుట్టే కొట్లో పనిచేస్తున్న రోజుల్లో ఆయన ఒక మధ్యాహ్నం పట్టు దుస్తులు పట్టుకొచ్చారు. మర్నాడే ప్రదర్శన. కాళ్ళ దగ్గర బిగువైపోయాయట, వదులు చెయ్యాలి.

"ఎంత వదులు కావాలండీ?" అన్నాను.

"పిల్ల కూర్చోగలిగేంత."

"కుర్చీలో కూర్చుంటుందాండీ, కిందా?"

"అరమండిలో."

"అంటే ఏవిటండీ?"

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. తిడతారనుకున్నాను. పంచె కాస్త ఎగదోపి, కొట్టు మధ్యలో నిలబడి, మడమలు కలిపి, మోకాళ్ళు రెండు పక్కలకీ విప్పి సగం కిందికి కూర్చున్నారు. జాకెట్ల కోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు గుమ్మం దాకా వచ్చి, ఆయన్ని చూసి, మళ్ళీ వస్తామని వెళ్ళిపోయారు.

"ఇదీ అరమండి. చూశావా?"

"అలాగే ఉండండి మాస్టారూ, లేవకండి" అని టేపు తీసి మోకాలికీ మోకాలికీ మధ్య కొలిచాను. కొలత కాయితం మీద రాసుకునేదాకా ఆయన కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి. అయినా లేవలేదు.

వెళ్ళేటప్పుడు, "కూర్చోబెట్టి కొలిచిన టైలర్ని ఇదే చూడ్డం. మా దగ్గరికి వచ్చెయ్యమ్మా" అన్నారు. నాట్యం అనేసరికి మా నాన్న కొంచెం జంకారు. మాస్టారు మర్నాడు భార్యను తీసుకుని మా ఇంటికొచ్చి, "మీ అమ్మాయి పట్టుకునేది సూదీ దారమేనండీ, గజ్జెలు కాదు. ఏ ఊరెళ్ళినా మా ఆవిడ పక్కనే ఉంటుంది" అని చెప్పి ఒప్పించారు. ఆ మాట తప్పలేదు.

అప్పటినుంచీ నేను ఎవరికీ నిలబెట్టి కొలతలు తీయలేదు. ఆ వేషం ఆటలో వేసే అన్నిటికంటే కష్టమైన భంగిమ ఏదో కనుక్కుని, అందులో నిలిపి తీశాను. మీరూ అలాగే చెయ్యండి.

మాస్టారిలో ఒక లోపం కూడా ఉండేది. రంగులంటే ఆయనకి పట్టదు. దేవతలకి ఎరుపు, రాక్షసులకి నలుపు. ఎన్నిసార్లు అడిగినా అంతే. ఆ అలవాటు మాన్పించింది రష్యావాళ్ళే.

కుసుమ మేడమ్ తెచ్చిన కథ

కుసుమ మేడమ్ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. మాకు నృత్యరూపకాలు రాసిచ్చేవారు. ఒకరోజు రిహార్సల్ హాల్లోకి బరువైన బొమ్మల పుస్తకం ఒకటి తెచ్చి చాప మీద పెట్టారు.

"మాస్టారూ, మనం పోస్టర్ల మీద నృత్యరూపకం అనకుండా బ్యాలే అని ఎందుకు వేయిస్తున్నామండీ?"

"అందరూ వేయిస్తున్నారని" అన్నారు మాస్టారు.

"ఆ మాట మనదాకా ఎలా వచ్చిందో వినండి మరి" అని ఆవిడ చెప్పడం మొదలుపెట్టారు. పిల్లలు గజ్జెలు విప్పకుండానే చుట్టూ కూర్చున్నారు. నేను హుక్కులు కుట్టుకుంటూ విన్నాను.

రష్యాలో ఒకాయన ఉండేవాడట. లా చదివాడు. సంగీతం రాయాలనుకుంటే, నీకు రాదు మానెయ్యమని పెద్ద సంగీతకారుడొకాయన మొహం మీదే చెప్పాడు. బొమ్మలు వెయ్యడం రాదు. నాట్యం అసలే రాదు. కానీ ఎవరికి ఏది వచ్చో ఆయన ఇట్టే కనిపెట్టేవాడు. రాజుగారి థియేటర్లకి వేసవి సెలవులిచ్చినప్పుడు అక్కడి నర్తకుల్ని కూడగట్టి పారిస్ తీసుకెళ్ళాడు. సంగీతం కొత్తవాళ్ళ చేత రాయించాడు. తెరలూ దుస్తులూ చిత్రకారుల చేత వేయించాడు. అంతకుముందు బ్యాలే అంటే తెలుపూ లేత గులాబీ. ఈయన వచ్చాక నారింజరంగు పక్కన నీలం, ఆకుపచ్చ పక్కన ఊదా వచ్చి కూర్చున్నాయి. పారిస్‌లో ఆడవాళ్ళు తమ గౌన్ల రంగులు మార్చుకున్నారట.

"అంటే ఆయనకి ఏమీ రాదు, అన్నీ చేయించాడు" అన్నారు మాస్టారు. ఆ మాట ఆయనకి నచ్చింది.

"ఇంకో సంగతండీ. రష్యన్ బ్యాలే అని ప్రపంచమంతా పేరు. ఆ బృందం రష్యాలో ఒక్క ఆటా ఆడలేదు. యుద్ధం వచ్చింది, విప్లవం వచ్చింది, వాళ్ళు బయటే ఉండిపోయారు. ఇరవై ఏళ్ళు ఆ దేశం ఈ దేశం తిరిగారు. నీళ్ళ మీద చావు రాసిపెట్టి ఉందని జోస్యం చెప్పారని ఆయనకి ఓడంటే భయంట. చివరికి చుట్టూ నీళ్ళున్న వెనిస్‌లో పోయాడు. నర్తకులు తలో దేశం వెళ్ళిపోయి అక్కడ బడులు పెట్టుకున్నారు."

ఆ బృందంలో మొదట్లో ఆడిన ఒక గొప్ప నర్తకి, తర్వాత లండన్‌లో చిత్రలేఖనం చదువుకుంటున్న మన కుర్రాడితో కలిసి రాధాకృష్ణుల నాట్యం చేసిందట. ఆ కుర్రాడు పెద్ద నర్తకుడై మన దేశానికి తిరిగొచ్చి బృందం కట్టాడు. బ్యాలే అనే మాట మన పోస్టర్ల మీదికి ఆ దారినే వచ్చి ఉంటుందని మేడమ్ అభిప్రాయం.

మాస్టారు పుస్తకం మూసి, "అయితే ఏం చేద్దామంటారు?" అన్నారు.

"ఈ కథే ఆడదామండీ. మన నాట్యంలో."

ఆయన పుస్తకం మళ్ళీ తెరిచి నాలుగు బొమ్మలు తిరగేశారు. "ఆ ఏమీ రానాయన వేషం నేను వేస్తాను" అన్నారు.

గోనె, ఉన్ని

మొదట నేను పుస్తకంలో బొమ్మల్ని ఉన్నవి ఉన్నట్టు కుడదామనుకున్నాను. గొడుగులా నిలబడే తెల్లగౌను ఒకటి కుట్టాను. ఉమకి తొడిగాం. ఉమ మా బృందంలో ప్రధాన నర్తకి. ఏలూరులోనే చిన్నపిల్లల బళ్ళో టీచరు. ఆ గౌనుతో అరమండిలో కూర్చునేసరికి అది లేచి ఆవిడ గడ్డానికి తగిలింది. హాలంతా నవ్వులు. ఉమే ఎక్కువ నవ్వింది.

ఆ నవ్వులోనే మాకు విషయం తెలిసింది. వాళ్ళ దుస్తులు వాళ్ళ నాట్యానికి పుట్టినవి. మనం వాళ్ళ దగ్గర తీసుకోవలసింది రంగుల్లో ధైర్యం. మన చేనేత చీరలే కొని, పుస్తకంలో ఏ రంగు పక్కన ఏ రంగు ఉందో చూసి జత చేశాను. నారింజరంగు కుచ్చిళ్ళు, నీలం పైట. మాస్టారు మొదట కళ్ళు మూసుకున్నారు. దీపాల కింద చూశాక, "మన రాక్షసులకి కూడా ఇలా ఏదైనా చెయ్యరాదూ?" అన్నారు.

అసలు చిక్కు బలి ఘట్టంతో వచ్చింది. పారిస్‌లో ఆ బృందం ఆడినవాటిలో అన్నిటికంటే పెద్ద గొడవ రేపిన ఆట అదే. పూర్వకాలపు రష్యా పల్లెజనం, వసంతం రావాలంటే ఒక పిల్ల నాట్యం చేస్తూ చేస్తూ ప్రాణం విడవాలని నమ్మి ఒకమ్మాయిని ఎంచుతారు. నర్తకులు పాదాలు లోపలికి తిప్పి, నేల దద్దరిల్లేలా తొక్కుతారు.

"పాదాలు లోపలికా!" మాస్టారు లేచి నిలబడ్డారు. "బయటికి తిప్పండి, బయటికి తిప్పండి అని గొంతు పోయేలా జీవితమంతా అరిచానండీ. ఇప్పుడు లోపలికి తిప్పమని చెప్పాలా?"

"వాళ్ళ గురువులూ అలాగే అన్నారండీ" అన్నారు మేడమ్.

మర్నాటినుంచి పాదాలు లోపలికి తిరిగాయి.

ఆ ఘట్టానికి పట్టు పనికిరాదు. తాడేపల్లిగూడెం రైసుమిల్లుల నుంచి వాడేసిన గోనెసంచులు తెప్పించి, ఉతికి, వదులు చొక్కాలు కుట్టాను. మా పుట్టింటివాళ్ళ దగ్గర తివాచీలు కత్తిరించగా మిగిలిన ఉన్ని తెచ్చి అంచులకి ఎరుపూ పసుపూ గళ్ళు అల్లాను. లోపల లైనింగు వేద్దామంటే మాస్టారు వద్దన్నారు. గోనె గోనెలాగే వేలాడాలి, లైనింగు వేస్తే గౌనులా ఉబ్బుతుంది అన్నారు. చూడ్డానికి ఆయన మాట నిజమే. దీపాల కింద ఆ చొక్కాలు మట్టిలోంచి లేచి వచ్చినట్టుండేవి.

పెట్టె మీద మాస్టారు

మొదటి ప్రదర్శన తాడేపల్లిగూడెంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఉత్సవంలో. మాకు ముందు సినిమా పాటలకి డాన్సులు, మా తర్వాత కూడా అవే. ఆ సంగతి తెలిసి ఒప్పుకోవడం పొరపాటని ఇప్పటికీ అంటాను. ఏ ఆట ఎవరి ముందు, దేనికి దేనికి మధ్య పడుతుందో అడగకుండా పెట్టె సర్దకండి.

మొదటి ఘట్టాలు బాగానే నడిచాయి. రంగులు చూసి చప్పట్లు కొట్టారు. మాస్టారు బొచ్చు కాలరున్న పొడుగు కోటు వేసుకుని వస్తే ఈలలు వేశారు. అవి మెచ్చుకునే ఈలలే. తర్వాత బలి ఘట్టం మొదలైంది. మృదంగం ఒక్కటే బరువుగా మోగుతుంటే పిల్లలు పాదాలు లోపలికి తిప్పి తొక్కడం మొదలుపెట్టారు. ముందు ఎవరో నవ్వారు. తర్వాత వెనక వరసలోంచి "గోనెసంచీ! గోనెసంచీ!" అని అరుపు. కాసేపటికి హాలంతా అదే పాట. మృదంగం వినబడ్డం మానేసింది. ఉమ కాలు ఒకసారి తడబడింది. మిగతా పిల్లలు బిక్కమొహం వేసి పక్క తెరలవైపు చూస్తున్నారు.

పారిస్‌లో ఇదే జరిగిందని, అప్పుడు నాట్యం కూర్చిన యువకుడు తెర పక్కన కుర్చీ ఎక్కి అడుగుల లెక్క అరిచాడని మేడమ్ మాకు చెప్పి ఉన్నారు. ఆ క్షణంలో మాస్టారికి అది గుర్తుందో లేదో నాకు తెలియదు. కోటు తీసి నా మీద పడేశారు. నా దుస్తుల ఇనప్పెట్టె మీదికి ఒక్క అంగలో ఎక్కారు.

"తకిట తధిమి! తకిట తధిమి! ఉమా, నన్ను చూడు! తకిట తధిమి!"

ఆయన చేతులు కొట్టుకుంటూ అరుస్తుంటే పెట్టె మూత డబడబా మోగింది. పిల్లలు ఆయన్నే చూస్తూ తాళం అందుకున్నారు. నేను పెట్టె ఒరిగిపోకుండా రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. అరుపుల మధ్యలోనే ఉమ చివరిదాకా చేసి, పడవలసిన చోట పడింది. ఆట పూర్తయింది.

మాస్టారు దిగి, చెమట తుడుచుకుని, "మేడమ్ గారూ, పారిస్‌లో జరిగింది మనకీ జరిగిందండీ!" అని పకపకా నవ్వారు. మేడమ్ కూడా నవ్వారు. ఉమ నవ్వలేదు. లోపలికి వచ్చి చొక్కా విప్పి నా ఒళ్ళో పెట్టి, "ఇది మళ్ళీ వెయ్యను జరీనా అక్కా. నన్ను అడగొద్దు" అంది. మాతో వ్యాన్ ఎక్కకుండా రైల్వే స్టేషనుకి వెళ్ళిపోయింది.

మేం సామాను ఎత్తుతుంటే ఒక రైతు వచ్చి నమస్కారం పెట్టారు. పేరు నాగరాజు గారు. మండవల్లి దగ్గర చేపల చెరువులు చేస్తారు. కూతురు ఆ కాలేజీలో చదువుతుంటే చూడ్డానికి వచ్చారు.

"మా ఊరొచ్చి ఆడతారాండీ?" అన్నారు.

మాస్టారు ఎగతాళేమో అనుకున్నారు. "ఇందాక గోల వినలేదా మీరు?"

"ఆయ్, విన్నానండి. పిల్లలండి, ఒదిలెయ్యండి. ఇంటికెళ్ళడానికి లేక ఊళ్ళు పట్టుకు తిరిగినోళ్ళ కథ కదండీ ఇది? కొల్లేట్లో చేపల చెరువుల్ని గవర్నమెంటోళ్ళు కొట్టేసినప్పుడు మా గట్టు మీద సగం ఇళ్ళోళ్ళు తలోవైపూ పోయారండి. మేవూ పోయి తిరిగొచ్చినోళ్ళవే. మావోళ్ళకి అర్థవవుద్దండి."

మాస్టారు వస్తామని మాట ఇచ్చేశారు. వ్యాన్‌లో కూర్చున్నాక నావైపు తిరిగి, "ఉమ లేకుండా ఎలా వెళ్తాం?" అన్నారు.

మాస్టారికి గోనెచొక్కా

మర్నాడు దుస్తులు ఆరబెడుతూ ఉమ చొక్కా తిరగేశాను. భుజాల దగ్గర, చంకల కింద గోనె పీచు మీద సన్నటి నెత్తుటి చారలు. అంతసేపు ఆ పిల్ల దాన్ని ఒంటి మీద భరించి ఆడింది. ఒక్కమాట చెప్పలేదు.

మా పనిలో ఇదొకటి తెలుసుకోండి. మంచి నర్తకులు బట్ట గురించి ఫిర్యాదు చెయ్యరు. వాళ్ళు చెప్పేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. ఆరేసేటప్పుడు లోపలివైపు చూడాలి. బట్టే చెబుతుంది.

చొక్కా పట్టుకుని మాస్టారి ఇంటికి వెళ్ళాను. లైనింగు వెయ్యాలని వాదిస్తే ఆయన వినరని నాకు తెలుసు. బలి ఘట్టంలో ఊరిపెద్ద వేషానికి కుట్టిన పెద్ద గోనెచొక్కా కూడా తీసుకెళ్ళాను.

"మాస్టారూ, ఈ కొలత ఒకసారి చూసుకోవాలండీ. మీరు వేసుకుని చూపిస్తారా? చొక్కా తీసి, ఒంటి మీదే."

"దానికేం, ఇటివ్వు" అని లోపలికెళ్ళి వేసుకొచ్చారు. వాళ్ళావిడ టీ పెట్టారు. ఆయన కుర్చీలో కూర్చున్నారు. భుజం కదిపారు. గోక్కున్నారు. వీపు కుర్చీకి రుద్దారు.

"కాస్త చేతులెత్తి చూపించండి మాస్టారూ."

ఎత్తారు. "అబ్బా" అని వెంటనే దించేశారు. టీ చల్లారిపోతోంది, ఆయన ముట్టుకోలేదు. కాసేపటికి నావైపు చూశారు.

"ఏవమ్మా, పిల్ల దీంతోనే ఆడిందా?"

నేను ఉమ చొక్కా తిరగేసి ఆయన ముందు పెట్టాను. ఆయన చారల మీద వేలు పెట్టి చూశారు. తర్వాత లోపలికెళ్ళి తన చొక్కా తొడుక్కుని చెప్పులేసుకున్నారు. "పద" అన్నారు.

ఉమ ఇంట్లో పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకుంటోంది. గురువుగారు గుమ్మంలో నిలబడేసరికి లేచి కంగారుగా కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు.

"తప్పు నాదమ్మా. జరీనా లైనింగు వేస్తానంటే నేనే వద్దన్నాను."

"గోనె గుచ్చుకున్నందుకు కాదండీ మాస్టారూ" అంది ఉమ. ఆ మాటతోనే కళ్ళు నిండాయి. "అంతమంది నవ్వుతుంటే, నేను బాగా చేస్తున్నానో లేదో నాకే తెలియలేదండీ. మీరేమో అరుస్తున్నారు. నా మీద కోపంతో అరుస్తున్నారేమో అనుకున్నాను."

మాస్టారు తెల్లబోయారు. "కోపవా? పాతికేళ్ళుగా నీకు నేర్పుతున్నాను. ఆరోజు చేసినంత బాగా నువ్వు ఎప్పుడూ చెయ్యలేదమ్మా. ఆ తాళం తెగిపోతే ఎలాగా అని అరిచాను."

ఉమ పైటతో కళ్ళు తుడుచుకుంది. "మండవల్లిలో కూడా నవ్వితే?"

"ఇంకా గట్టిగా అరుస్తాను. జరీనా, ఆ పెట్టె మూత కొంచెం బాగుచేయించు."

ఉమ ఫక్కున నవ్వింది. ఆ సాయంత్రం మా అమ్మ పాత నూలుచీరలు తీసి లైనింగు వెయ్యడం మొదలుపెట్టాను. చంకల దగ్గర గోనె పూర్తిగా కత్తిరించి నూలుగుడ్డే వేశాను. ఉబ్బలేదు. ఉమ చేతులెత్తి, దించి, మళ్ళీ ఎత్తి చూపించింది. పై అధికారి మంచివాడైనా సరే, ఆయన చెప్పింది ముందు ఆయన ఒంటి మీద వేసి చూడమని నా సలహా. అన్నిచోట్లా కుదరదనుకోండి. కుదిరినచోట వదలకండి.

మండవల్లి

ఆ ఆటని తర్వాత చాలా ఊళ్ళలో ఆడాం. ఉమ ఇప్పుడు జంగారెడ్డిగూడెంలో తన సొంత నాట్యం బడి నడుపుతోంది. మాస్టారు పాఠాలు మానేశారు కానీ ఫోనులో అరవడం మానలేదు. నేను మాత్రం మండవల్లి గురించి చెప్పి ఆపుతాను.

చెరువు గట్టు పక్కన ఖాళీస్థలంలో స్టేజీ వేశారు. ఒకపక్క పచ్చటి వరి, ఇంకోపక్క నీళ్ళు. గాలి ఎంత జోరుగా ఉందంటే తెరలకి నేను ఇటుకలు కట్టవలసి వచ్చింది. నాగరాజు గారు దగ్గరున్న చెరువులో నీళ్ళు చిలికే మిషను ఆపించి, "కొంతసేపేనండి, లేకపోతే చేపలకి గాలాడదండి" అని మాస్టారికి ముందే చెప్పుకున్నారు. ఊరు ఊరంతా చాపలు తెచ్చుకుని కూర్చుంది. వెనకవైపు పొయ్యిల మీద అందరికీ వంట అవుతోంది. చేపల పులుసు వాసన స్టేజీ మీదికి వస్తోంది.

నాగరాజు గారి తల్లి సూరమ్మ గారు ముందు వరసలో కూర్చున్నారు. ఆట మొదలైన దగ్గర్నుంచీ ఆవిడ పైకే మాట్లాడుతున్నారు. "ఆ రంగు చూడవే, బాగుంది." "ఆ కోటాయనకి ఉక్కబోయదా?" మాస్టారికి నిజంగానే ఉక్కబోస్తోంది. కోటు బొచ్చులోంచి చెమట కారుతోంది.

బలి ఘట్టం వచ్చింది. పాదాలు లోపలికి తిరిగాయి. నేను పెట్టెని తెర పక్కకి జరిపి ఉంచాను. మాస్టారు దాని పక్కన నిలబడ్డారు. ఉమ మధ్యలోకి వచ్చి తొక్కడం మొదలుపెట్టింది. ఎవరూ నవ్వలేదు. చాపల మీద మాటలు ఆగిపోయాయి. "అయ్యో, ఆ పిల్లని ఒదిలెయ్యండ్రా" అన్నారు సూరమ్మ గారు, గట్టిగా. ఉమ పడేసరికి ఆడవాళ్ళు కొందరు పైట నోటికి అడ్డం పెట్టుకున్నారు. మాస్టారు పెట్టె ఎక్కలేదు. దాని మీద చెయ్యి వేసుకుని అలాగే నిలబడిపోయారు.

చివరి ఘట్టంలో బృందాన్ని నడిపినాయన నీళ్ళ మధ్య ఊళ్ళో చనిపోతాడు. మాస్టారు కోటుతో సహా స్టేజీ మధ్యలో పడుకున్నారు. పిల్లలు తలొక చిన్న మూట పట్టుకుని, ఎక్కడికి పోవాలో తెలియనట్టు చేతులతో అడుగుతూ, స్టేజీ దిగి జనం మధ్యలోంచి తలోవైపు నడిచి వెళ్ళాలి. వెళ్ళి, వెనకనుంచి చుట్టు తిరిగి వచ్చి, అందరూ కలిసి నమస్కారం చెయ్యాలి. మేం కూర్చుకున్నది అది.

ఉమ మూట పట్టుకుని దిగి, సూరమ్మ గారి ముందు ఆగి, ఎక్కడికి పోను అని చేతులు చాపింది.

సూరమ్మ గారు ఆ చేతులు రెండూ పట్టేసుకున్నారు.

"ఎక్కడికెళ్తావే పిచ్చిపిల్లా, ఈ చీకటడే వేళ? కూర్చో ఇక్కడ. అన్నం తిని రేపెళ్దువుగాని."

ఉమ ఏం చెయ్యాలో తెలియక నిలబడింది. ఆవిడ లాగి పక్కన కూర్చోబెట్టుకున్నారు. అది చూసి వెనక వరసల్లో ఆడవాళ్ళు కూడా మొదలుపెట్టారు. "ఇటు రామ్మా." "మా చాప మీద చోటుంది, కూర్చో." ఒక్కొక్క పిల్లనీ ఒక్కొక్క కుటుంబం పట్టేసుకుంది. తిరిగి రావలసిన దారిలో ఒక్కరూ రావడం లేదు. ఉమ మొహం సూరమ్మ గారి భుజం మీద ఉంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు కనబడలేదు.

స్టేజీ మీద మాస్టారు చనిపోయి ఉన్నారు. మృదంగం వాయించే అతను వాయిస్తూనే ఉన్నాడు. పిల్లలు రారు, ఆట అవదు. కాసేపు చూసి చూసి మాస్టారు నెమ్మదిగా తల పైకెత్తారు.

"ఏవండీ, మా పిల్లల్ని ఒకసారి పంపిస్తారా? నమస్కారం పెట్టుకోవాలండీ."

"మేం పంపవండీ!" అంది చాపల మీద నుంచి ఒక గొంతు. ఊరంతా నవ్వింది. మాస్టారు పడుకునే నవ్వుతున్నారు, కోటు ఎగిరెగిరి పడుతోంది.

కుసుమ మేడమ్ తెర పక్కన నా వెనక నిలబడి ఉన్నారు. "ఆయన ఒక్కరే ఎలా పెడతారు జరీనా? నువ్వెళ్ళు" అని నన్ను ముందుకి తోశారు.

నా పని జీవితంలో జనం ముందు స్టేజీ మీదికి వెళ్ళింది ఆ ఒక్కసారే. మెడలో టేపు, జాకెట్టుకి గుచ్చుకున్న సూదులు అలాగే ఉన్నాయి. చెయ్యి ఇచ్చి మాస్టార్ని లేపాను. ఇద్దరం పక్కపక్కన నిలబడి నమస్కారం పెట్టాం. చప్పట్లు మోగాయి.

"ఈవిడేం వేషం రా నాగరాజూ?" అన్నారు సూరమ్మ గారు.

"ఈవిడ వేషం కాదే అమ్మా. ఆ బట్టలన్నీ కుట్టింది ఈవిడే."

ఆవిడ ఉమ భుజం మీది గోనె అంచుని, ఉన్ని గళ్ళని వేళ్ళతో తడిమి చూశారు. తర్వాత తలెత్తి నావైపు చెయ్యి ఊపారు.

"అయితే ఆవిణ్ణీ కిందికి రమ్మను. అన్నం చల్లారిపోతోంది."